పని లేని ప్రయాణం

రాజమండ్రి, మేడ మీద,
ఆగస్టు 11, 2025, సోమవారం.

కింద కొట్టులో కాటా ముందు కూర్చున్న శ్రీవారు నాగేశ్వరప్రసాద్ గారికి, పైన వంటింట్లో పొయ్యి ముందు నుంచున్న మీ భార్య ప్రసన్నలక్ష్మి నమస్కరించి రాసేది ఏమనగా,

పైన నేను క్షేమం. కింద మీరు క్షేమమేనని మీ గొంతు వింటుంటేనే తెలుస్తోంది. బేరమాడే గొంతులో ఏ లోపమూ లేదు.

నిన్నటి నుంచి మీతో మాటలు మానేశాను కదా. మాట మానేశాను గానీ చెప్పాల్సింది చెప్పకుండా ఊరుకుంటానని మాత్రం అనుకోకండి. మధ్యాహ్నం మీ క్యారియర్ ఎలాగూ తాడుబుట్టలో కిందికి దిగుతుంది. దాని అడుగున ఈ ఉత్తరమూ దిగుతుంది. గుమాస్తా అప్పాజీ గారికి చెప్పండి, ముందు ఉత్తరం మీ చేతికిచ్చి ఆ తర్వాతే క్యారియర్ విప్పమని. అన్నం ముందు తింటే మీరు ఉత్తరం చదవరు, కునుకు తీస్తారు.

సంగతి మీకు తెలిసిందే. అయినా రాస్తాను, ఎందుకంటే తెలిసినవి తెలియనట్టు కూర్చోవడంలో మీకు సాటి లేరు. నిన్న విశాఖపట్నం నుంచి మన శ్రీదివ్య ఫోన్ చేసింది. ఘనా ప్రయాణానికి టిక్కెట్లూ హోటళ్ళూ తన ఆఫీసు పని మధ్యలో చూసి పెడుతున్న పిల్ల, గొంతు తగ్గించి, అమ్మా, నాన్న ప్రోగ్రాం మార్చమన్నారు, నీకు చెప్పారా అని అడిగింది. ఏం మార్చమన్నారే అన్నాను. ఆడా అనే ఊరు తీసేసి ఆ రోజులు సంపా అనే ఊళ్ళో పెట్టమన్నారట. అక్కడ జీడిపిక్కలు కొనే గోడౌన్లున్నాయట. అమలాపురం భీమరాజు గారు ఆ ఊళ్ళోనే ఉండి మనవాళ్ళకి సరుకు పంపుతారట. ఆయన చేత జీపు కూడా మాట్లాడించేశారట!

మన తొలి విహారయాత్రలో జీడిపిక్కల బేరమా అండీ?

మీరు నన్ను ఎక్కడికీ తీసుకెళ్ళలేదని నేననను. తీసుకెళ్ళారు. పెళ్ళైన వారానికే అన్నవరం తీసుకెళ్ళారు, వ్రతానికి. తిరుపతి తీసుకెళ్ళారు, పిల్ల పుట్టువెంట్రుకలకి. పలాస తీసుకెళ్ళారు, జీడిపప్పు మిషన్లు చూడటానికి. మీరు మిషను కింద దూరి చూస్తుంటే నేను మీ చొక్కా పట్టుకుని నుంచున్నాను. ఒకసారి ఉప్పాడ వెళ్దాం, సముద్రం చూద్దువు గాని అన్నారు. నేను పొంగిపోయి పులిహోర కూడా కలుపుకొచ్చాను. తీరా చూస్తే మీ చెల్లెలు ఉషారాణి కూతురి పెళ్ళికి చీరలు. నేతగాళ్ళ ఇంటి అరుగు మీద కూర్చుని బేరమాడుతుంటేనే సాయంత్రమైంది, ఇక పొద్దుపోతుందని బండెక్కించారు. ఆ రోజు నేను సముద్రాన్ని విన్నాను, చూళ్ళేదు. మిగతా ప్రయాణాలన్నీ పెళ్ళిళ్ళూ పరామర్శలూ. ఊరు దాటాలంటే మనకి దేవుడో, చుట్టమో, సరుకో ఉండాలి. ఊరికే వెళ్ళడం అనేది మీ ఇంటా వంటా లేదు.

ఘనాయే ఎందుకని మీరు నవ్వారు, మీ స్నేహితులూ నవ్వారు. ఇంకోసారి చెబుతున్నాను, ఈసారి నవ్వకుండా చదవండి. నేను కాపరానికొచ్చిన కొత్తలో మీ అమ్మగారు ఖాళీ గోనె సంచులు విప్పించి, ఉతికించి, పట్టాగా కుట్టించి డాబా మీద పరిపించేవారు, వడియాలు పెట్టడానికి. ఆ సంచుల మీద ఇంగ్లీషులో నల్లటి అక్షరాలు, ప్రొడ్యూస్ ఆఫ్ ఘనా అని. ప్రతి వేసవీ ఆ పేరు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని బూడిదగుమ్మడి వడియాలు పెట్టాను. ఉతికిన కొద్దీ అక్షరాలు వెలిశాయి గానీ పూర్తిగా పోలేదు. ఆ సంచి అంత దూరం నుంచి మన డాబా మీదికొచ్చింది కదా, నేను ఒక్కసారి అక్కడికి వెళ్ళకూడదా అనిపించేది. అప్పుడు మీకు చెబితే సంచులు అక్కడివి కావు, తూత్తుకుడి నుంచి వచ్చాయి అన్నారు.

ఆడాలో ఓల్టా అనే నది సముద్రంలో కలుస్తుంది. శ్రీదివ్య ఫోన్‌లో చూపించింది. కొబ్బరిచెట్లు, ఇసుక, ఒక పక్క నది, ఒక పక్క సముద్రం, మధ్యలో రెండు కుర్చీలు. మన గోదావరి కలిసే చోటు అంతర్వేదిలో చూడలేదా అని మీరడుగుతారు. మీ అమ్మగారు మునగమంటే మునిగాను, ముక్కు మూసుకుని, కళ్ళు మూసుకుని. లేచేసరికి వెనక వాళ్ళు తోశారు. నది సముద్రంలో కలవడం తీరిగ్గా కూర్చుని చూడాలని ఉంది నాకు. సంకల్పం చెప్పేవాళ్ళు పక్కన లేకుండా, మీ ఫోన్‌కి బేరం రాకుండా.

తిండి గురించి బెంగ పెట్టుకోకండి. రావులపాలెం గెలల్లో కనిపించే కూర అరటి లాంటిదే అక్కడ ముక్కలు కోసి వేయించి, బొబ్బర్ల కూరతో తింటారట. వేరుశెనగ పులుసు ఉందట. మన ఒంటికి సరిపడే తిండే.

కాబట్టి మాట ఒకటే. సంపా తీసేయండి, ఆడా పెట్టండి. లేకపోతే మీరూ భీమరాజు గారూ ఆ జీపెక్కి హాయిగా వెళ్ళిరండి.

ఇట్లు,
మీతో మాట్లాడని మీ భార్య
ప్రసన్నలక్ష్మి

తా.క.: క్యారియర్‌లో ఆవకాయ పెడితే ముట్టుకోకుండా తిప్పి పంపుతున్నారేంటి? అలిగింది నేను. నా అలక మీరు వాడుకోకండి.

రాజమండ్రి, మేడ మీద,
సెప్టెంబర్ 5, 2025, శుక్రవారం.

కొట్టులో ఉన్న శ్రీవారికి మేడ మీది నుంచి ప్రసన్నలక్ష్మి రాసేది,

మొన్నటిసారి మర్యాదగా నమస్కరించి రాశాను. ఈసారి నమస్కారం లేదు.

మీరు బిల్లు కాగితం వెనక సరే, సంపా తీసేశాను అని రాసి పంపితే ఎంత సంబరపడ్డానో మీకు తెలుసు. ఆ సాయంత్రమే మాటలు మొదలుపెట్టాను. మీకిష్టమని పనసపొట్టు కూర చేశాను. ప్రయాణం డిసెంబరులో అయినా ఆగస్టులోనే పెట్టె దించి తుడిచి పెట్టాను. అంతా మరిచిపోయి మీ వెనక విశాఖ వచ్చాను చూడండి, నన్ననాలి.

ఆ దేశానికి వెళ్ళాలంటే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవాలి, ఆ కార్డు లేకపోతే విమానం ఎక్కనివ్వరు. అది అన్నిచోట్లా వెయ్యరు, విశాఖలో వేస్తారు, ముందుగా రోజు తీసుకోవాలి. అన్నీ శ్రీదివ్యే చూసింది. సూది పొడవడానికి వీలుగా ఉంటుందని చేతులు వదులుగా ఉండే జాకెట్టు కుట్టించుకున్నాను. ఈ వయసులో సూదికి కొత్త జాకెట్టేంటని టైలరమ్మ నవ్వింది. రైల్లో మీరు కిటికీ పక్క సీటు నాకిచ్చారు. తుని దగ్గర జామకాయలు కొనిచ్చారు. మన పెళ్ళైన ఇన్నేళ్ళలో అంత మంచి ప్రయాణం నాకు గుర్తు లేదు.

ముందు మీ పేరు పిలిచారు. లోపలికి వెళ్ళారు. చాలాసేపటికి బయటికొచ్చారు. వచ్చి, కుర్చీలో ఉన్న నా చేతిసంచి తీసుకుని, పద వెళ్దాం అన్నారు. నా పేరింకా పిలవలేదండీ అన్నాను. అక్కర్లేదు, ఆ మందు కోడిగుడ్లలో పెంచి తీస్తారట, మన ఇంటికి పనికిరాదు, పద అన్నారు. అంత జనం మధ్య, జాకెట్టు చెయ్యి సగం పైకి మడుచుకుని కూర్చున్న నేను, ఆ మడత దించుకుంటూ మీ వెనక పరిగెత్తాను. నా జన్మలో అంత సిగ్గుపడలేదు.

గుడ్డా అండీ? గుడ్డు గురించి మీరు మాట్లాడతారా?

మీ ఇంట్లో గుడ్డు సంగతి నాకు ఒకరు చెప్పక్కర్లేదు. శ్రీదివ్య మొదటి పుట్టినరోజుకి కేకు తెస్తే అందులో గుడ్డు ఉందేమోనని మీ అమ్మగారు గడప దాటనివ్వలేదు. వెనక వాటాలో అద్దెకున్నవాళ్ళు పెంకులు మన చెత్తబుట్టలో వేశారని బుట్టే మార్పించారు. ఆవిడ పోయినా ఆ మడి నేను నిలబెట్టాను, ఎవరూ చూడకపోయినా. కానీ మీరు? రాయపూర్‌లో సరుకు కొనడానికి వెళ్ళినప్పుడల్లా స్టేషన్ బయట ఆమ్లెట్ తింటారని మీ తమ్ముడు ఉదయ్‌భాస్కర్ ఒక పెళ్ళిలో నోరు జారాడు. నేను విని ఊరుకున్నాను. బయట తిరిగే మనిషి, ఆకలేసి ఉంటుంది అనుకున్నాను. ఇప్పుడు ఆ నోటితోనే మన ఇంటికి పనికిరాదంటారా! మడి నా ఒక్కదాని ఒంటికేనా?

తిరుగు రైల్లో అడిగాను. మీరు కిటికీలోంచి బయటికి చూశారు. ఈసారి కిటికీ పక్కన మీరే కూర్చున్నారు.

ఎందుకో నాకు తెలుసు. గుడ్డు పేరెత్తితే ఇది నోరు మూసుకుంటుంది అనుకున్నారు. ప్రయాణం మీకు మొదటినుంచీ ఇష్టం లేదు. సంపా తీసేయమన్న రోజునే మీకు ఆసక్తి పోయింది. సరుకు లేని ప్రయాణం మీకెందుకు? నిజం చెబుతున్నాను వినండి, ఆ సూదిలో గుడ్డు కాదు, కోడిపెట్ట మొత్తం ఉన్నా నేను వేయించుకునేదాన్ని. ఇంటికొచ్చి తలస్నానం చేసి దేవుడికి దండం పెట్టుకునేదాన్ని. ఆయన అర్థం చేసుకునేవాడు.

నాకోసం ఒక్క రోజు విశాఖలో ఆగడానికి తీరిక లేదు గానీ, జీఎస్టీ ఆఫీసు పనంటూ వారం తప్పి వారం కాకినాడ వెళ్ళడానికి మాత్రం తీరికుంటుంది మీకు. ఏం పనో అది, ఎప్పటికీ తెమలదు.

మళ్ళీ రోజు తీసుకోమని శ్రీదివ్యకి చెప్పండి. అంతవరకూ తాడుబుట్టే మన మధ్య పోస్టాఫీసు.

ఇట్లు,
ప్రసన్నలక్ష్మి

తా.క.: అలిగింది నేనైతే కొట్టు వెనక గదిలో మంచం వేసుకుని పడుకోవడం మీరేంటి? మెట్లెక్కడానికి కూడా బద్ధకమేనా?

రాజమండ్రి, మేడ మీద,
సెప్టెంబర్ 9, 2025, మంగళవారం.

శ్రీవారికి,

మీ చీటీ అందింది. ఆరు ముక్కలు రాయడానికి మీకు ఇన్ని రోజులు పట్టింది.

ఘనా వచ్చే ఏడు చూద్దాం, ఈలోపు అన్నవరం వెళ్దాం, కొండ మీద గది తీసుకుని నింపాదిగా ఉందాం అని రాశారు. చదివి కాగితం చింపబోయి ఆగిపోయాను, సత్యనారాయణస్వామి పేరుందని. రత్నగిరి కొండ మీద నాకు కోపమేమీ లేదండీ. ఆయన ప్రసాదం మీద అసలే లేదు. కానీ దేవుణ్ణి నాకు సర్దిచెప్పడానికి పంపుతారా? మీకు వీలుకానప్పుడల్లా ఆయన్ని ముందుకు తోస్తారు. ఆయనేమైనా మీ కొట్టులో గుమాస్తానా?

చీటీ కింద ఇంకో ముక్క. పప్పులో, కూరలో ఉప్పు బాగా తగ్గించి వెయ్యి అని. చూశారా, అదీ అసలు సంగతి! నేను మనసు విప్పి పేజీలు పేజీలు రాస్తే మీకు కనిపించింది ఉప్పు. ఇన్నేళ్ళుగా నా చేతి వంటకి వంక పెట్టని మనిషి, నేను ఒక్క కోరిక కోరేసరికి వంక వెతుక్కున్నారు. సరే, నిన్నటి నుంచి పప్పులో రెట్టింపు ఉప్పు వేస్తున్నాను. కావాలనే వేస్తున్నాను. ఎలా ఉందో తిని చెప్పండి. నోటితో వచ్చి చెప్పండి.

నోటికి ఉప్పు ఎక్కువైందంటారు గానీ తీపి మాత్రం బానే ఎక్కుతున్నట్టుంది. కొట్టులో ఎవరో తాపేశ్వరం కాజాలు తెచ్చిపెడుతున్నారా? బాల్కనీలోంచి చూస్తున్నాను, ముఖం గుండ్రంగా, బుగ్గలు ఉబ్బి, మీ పాత పెళ్ళి ఫోటోలా తయారయ్యారు. చెప్పులు కూడా బిగుతయ్యాయని పెద్ద సైజు కొన్నారని అప్పాజీ గారు అన్నారు. ఇక్కడ ఒక మనిషి తిండి సహించక చిక్కిపోతుంటే అక్కడ మీరు ఒళ్ళు చేస్తున్నారు. మంచిదే.

టిక్కెట్లు రద్దు చెయ్యమని మీరు శ్రీదివ్యకి ఫోన్ చేశారట. వద్దని నేను చేశాను. పిల్ల ఇద్దరి మధ్యా నలిగి ఏడ్చింది. మీరూ మీరూ తేల్చుకుని నాకు చెప్పండి అని ఫోన్ పెట్టేసింది. నేను తేల్చుకున్నాను. వచ్చే బుధవారం టీకాకి నా ఒక్కదాని పేరే రాయించాను. నేనే వెళ్తాను, నేనే చెయ్యి చాపుతాను.

మీ చెల్లెలు ఉషారాణికి కూడా అంతా చెప్పాను. మా అన్నయ్య సంగతి నాకు తెలియదా వదినా, ఆయన రాకపోతే నేనొస్తాను నీకు తోడు అంది. ఆవిడకి పాస్‌పోర్టు కూడా ఉంది. ఆలోచించుకోండి.

ఇట్లు,
ప్రసన్నలక్ష్మి

తా.క.: పప్పు గిన్నె నిన్న ఖాళీగా పైకొచ్చింది. అంటే ఉప్పు సరిపోయిందన్నమాట. రేపు ఇంకాస్త వేస్తాను.

విశాఖపట్నం, శ్రీదివ్య ఇంట్లో,
సెప్టెంబర్ 17, 2025, బుధవారం, ఉదయం.

రాజమండ్రిలో ఉన్న శ్రీవారికి, విశాఖ నుంచి మీ భార్య రాసే ఆఖరి ఉత్తరం,

ఆఖరిదని ఎందుకన్నానో కింద తెలుస్తుంది. కంగారుపడకండి. మీరు కంగారుపడే మనిషి కూడా కాదు.

నిన్న ఒక్కదాన్నే రైలెక్కాను. పుట్టి బుద్ధెరిగాక ఒక్కదాన్నే రైలెక్కడం ఇదే. స్టేషన్‌కి అప్పాజీ గారు ఆటో పిలిచారు. కొట్టు ముందు నుంచే వెళ్ళాను. మీరు కాటా మీద చెయ్యి వేసి అలాగే చూస్తున్నారు. లేచి నాలుగడుగులు వస్తారేమో, సంచి అందుకుంటారేమో అనుకున్నాను. లేవలేదు. సరే అనుకుని తల తిప్పుకున్నాను. తుని దాకా ఏడుస్తూనే ఉన్నాను. ఎదుటి సీటులో ఒకావిడ ఎవరైనా పోయారా అమ్మా అని అడిగింది. లేదండీ, ఉన్నారు, అదే బాధ అన్నాను.

తుని దాటాక ఏడుపు ఆగింది. కిటికీ పక్కనే కూర్చున్నాను. ఎవరూ జరగమనలేదు. ఎక్కడికని అడిగినవాళ్ళకి ఘనా వెళ్ళడానికి టీకాకి అని చెప్పాను. అక్కడ మీ పిల్లలున్నారా అన్నారు. లేరన్నాను. వ్యాపారమా అన్నారు. కాదన్నాను. మరి ఏం పని మీద అన్నారు. ఏం పనీ లేదు, ఊరికే అన్నాను. ఆ ఊరికే అనే మాట నా నోట్లోంచి వస్తుంటే ఎంత బాగుందో! ఆ మాట మీ పక్కన కూర్చుని అనాలని ఉండేది నాకు.

ఇక విషయం. ఈ పూట టీకా వేయించుకుంటున్నాను. శనివారం లోపు మీరు కూడా వచ్చి వేయించుకుంటే సరి, లేదంటే మీ టిక్కెట్టు ఉషారాణి పేరు మీదికి మారుస్తారో, కొత్తది కొంటారో శ్రీదివ్య చూస్తుంది. డిసెంబరులో నేను ఘనా వెళ్తున్నాను. అక్రాలో దిగుతాను. కేప్ కోస్ట్‌లో ఆ పాత కోట చూస్తాను, మనుషుల్ని బానిసలుగా ఓడలకెక్కించిన గుమ్మం దగ్గర నుంచుని చూస్తాను. అడవిలో చెట్ల మీద కట్టిన తాళ్ళ వంతెన ఎక్కుతాను. కాళ్ళు వణికితే ఉషారాణిని పట్టుకుంటాను. ఆడాలో రెండో కుర్చీలో ఆవిడ కూర్చుంటుంది. అక్కడ ఎంతసేపు కూర్చుంటామో మాకే తెలియదు.

వచ్చాక మీతో మాట్లాడతానో లేదో అప్పుడు చూద్దాం. ఉత్తరాలు మాత్రం ఇక రాయను. పప్పులో ఉప్పు గురించి చెప్పినట్టు నా గురించి కూడా ఒక్క ముక్క మీరంతట మీరు చెబుతారేమోనని ఇన్నాళ్ళూ ఎదురుచూశాను. మీకు చెప్పడానికి ఏమీ లేదని అర్థమైంది. ఇంత పిసినారి మనిషితో ఇంతకాలం ఎలా కాపరం చేశానో నాకే తెలియదు. డబ్బు విషయంలో పిసినారి అయితే పోనీ అనుకునేదాన్ని, మీరు మాట విషయంలో పిసినారి.

ఇట్లు,
ప్రసన్నలక్ష్మి

తా.క.:

ఇది మధ్యాహ్నం రాస్తున్నాను. పైన రాసిందేదీ కొట్టెయ్యలేదు. చదవండి, మీకది దక్కాల్సిందే.

టీకా వేయించుకున్నాను. చెయ్యి లాగుతోంది. అక్షరాలు వంకరగా ఉంటే అందుకే.

లోపల డాక్టరమ్మ నా కాగితం చూసి, రాజమండ్రి, జీడిపప్పు కొట్టు వాళ్ళాండీ అంది. మీరేంటో, టీకాకి వెళ్ళినా ఆవిడ బల్ల మీద జీడిపప్పు పొట్లం పెట్టి వచ్చారట, అందుకే గుర్తుందట. నేను గర్వంగానే అవునన్నాను. అప్పుడావిడ మామూలుగా, మీవారికి కాళ్ళ వాపు తగ్గిందాండీ, కాకినాడ డాక్టరు గారు ఆ స్టెరాయిడ్ మాత్రలు తగ్గించారా అని అడిగింది.

ఏం వాపండీ అన్నాను.

ఆవిడ నాలుక కరుచుకుంది. ఏదో సర్దబోయింది. మొదలుపెట్టారు కాబట్టి పూర్తి చెయ్యండి, నేను ఆయన భార్యని అన్నాను. కదలకుండా కూర్చున్నాను. చెప్పింది.

కిడ్నీలు వాచాయట. ఎండాకాలం నుంచీనట. ఆ మాత్రలు మింగుతుంటే ఈ టీకా వెయ్యకూడదట, ప్రాణం మీదికొస్తుందట. మాత్రలు పూర్తిగా ఆపి, ఒంట్లో బాగుపడి, కాకినాడ డాక్టరు ఒప్పుకున్నాకే చూద్దాం అని ఆ రోజు మీకు చెప్పి పంపిందట. గుడ్డు పడుతుందా అని అందరినీ అడుగుతారట, మిమ్మల్నీ అడిగారట. మీరు నవ్వి, ఇంట్లో చెప్పకండి, ఆమ్లెట్ తింటానండీ అన్నారట. వెళ్ళేముందు చేతులు పట్టుకుని, బయట మా ఆవిడ ఉంది, ఆవిడకి మాత్రం చెప్పొద్దు, తెలిస్తే ప్రయాణం మానేస్తుంది అన్నారట. ఆ మాటన్న అయిదు నిమిషాల్లో బయటికొచ్చి నాతో మానిపించింది మీరే కదండీ! అదేం తెలివి? గుమ్మం దాటేలోపు భయం వేసిందా? నన్నొక్కదాన్నే పంపడానికి మనసొప్పలేదా? దొరికిన గుడ్డు పట్టుకుని నా నెత్తి మీద పెట్టారు.

కాకినాడ జీఎస్టీ ఆఫీసు ఇదన్నమాట. ఆ బుగ్గలు కాజాల బుగ్గలు కావన్నమాట. నేను బాల్కనీలోంచి చూసి వెక్కిరిస్తుంటే మీరు కిందనుంచి నవ్వుతూ చెయ్యి ఊపారు. ఎవరి మీద నవ్వారు?

నా కోపం తగ్గిందనుకోకండి. నిన్నటికంటే ఇవాళే ఎక్కువ. జబ్బుమనిషిగా నాకు కనిపించడం కంటే పిసినారిగా కనిపించడమే నయమనుకున్నారా? నన్ను ఇన్నాళ్ళూ ఒక రాక్షసిని చేసి మేడ మీద కూర్చోబెట్టారు. నా చేత ఆ ఉత్తరాలన్నీ రాయించారు. దాచినందుకు మిమ్మల్ని నేను క్షమించను. క్షమించినా చాలా ఆలస్యంగా క్షమిస్తాను.

ఆ పప్పు తిన్నారా మీరు? ఉప్పు, ఉప్పు ముట్టుకోకూడదట కదా, డాక్టరమ్మ అదే మొదట చెప్పింది. గిన్నె రోజూ ఖాళీగానే వచ్చింది. అప్పాజీ గారి చేత పారబోయించారా, లేక నేను పంపానని తిన్నారా? నేనడిగే ముందు మీరే చెప్పండి. ఏదైనా సరే, అబద్ధం మాత్రం చెప్పకండి. నాకు ఇక్కడ నీళ్ళు కూడా దిగడం లేదు.

ఈ టీకా కార్డు ఒకసారి ఇస్తే బతికున్నంతకాలం చెల్లుతుందట. నాది నా పెట్టెలో ఉంటుంది. మీది వచ్చేదాకా అది కదలదు. ఉషారాణికి నేనే చెబుతాను. టిక్కెట్లు శ్రీదివ్య రద్దు చేసేసింది, ఈసారి ఏడవలేదు, పళ్ళు బిగించింది. మీతో మాట్లాడాల్సింది తనకీ ఉందట. ఈసారి కాకినాడకి మీతో నేనొస్తున్నాను. అదొక ప్రయాణమే, పని మీద వెళ్ళే ప్రయాణం, అలవాటైనదే. ఆ పని అయిపోయాక, అది ఎప్పుడైనా సరే, రెండు కుర్చీల్లోనూ మనమే కూర్చుంటాం. ఘనా చూడాలని నాకింకా ఉంది. మీతోనే చూడాలని ఉంది. అది మానేశానని మాత్రం అనుకోకండి.

ఈ కాగితాలు శ్రీదివ్య ఫోటో తీసి మీ ఫోన్‌కి పంపుతుంది. నేను సాయంత్రం బండికి వస్తున్నాను. స్టేషన్‌కి రావద్దు. భోజనం చెయ్యకుండా ఉండండి, వచ్చి వండుతాను, ఉప్పు లేకుండా, ఇద్దరికీ. తాడుబుట్ట ఇక దించను. నిన్న ఆటోలో నేను వెళ్తుంటే మీరెందుకు లేవలేదో ఇప్పుడు తెలిసింది. మెట్లెక్కలేకపోతే ఆ మాట మీ నోటితో చెప్పండి. నేనే దిగి వస్తాను.